సెకండ్ గేర్లో బతికే బండ్లు

మా ఆఫీసులో లంచ్ టైంలో రాజకీయాలు మాట్లాడుకోవడం ఎప్పుడో మానేశారు, ఇప్పుడంతా కార్లే. ఎవడో ఒకడు కొత్త బండి బుక్ చేస్తాడు, ఇంక వారం రోజులు వాడి బండి మీద పంచాయితీ. ఫోన్ తీసి "చూడు బ్రో, నూట ఇరవై పీఎస్, నూట డెబ్బై రెండు ఎన్ఎం, సున్నా నుంచి వందకి పదకొండు సెకన్లే" అని స్క్రీన్ చూపిస్తాడు, పక్కోడు వాడి బండి లెక్కలు తీస్తాడు, మూడోవాడు "క్రాష్ టెస్టులో స్టార్లు ఎన్నొచ్చాయి" అంటాడు. పీఎస్ అంటే ఇంజిన్ పవర్, మన హార్స్ పవర్ లాంటిదే, ఎన్ఎం అంటే టార్క్ కొలత, ఇంజిన్ తిప్పే బలం. అందరం సాయంత్రం ఆరింటికి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో బండెక్కి, గచ్చిబౌలి, కొండాపూర్, హఫీజ్‌పేట దాటి నిజాంపేట చేరేసరికి నూట ఇరవై పీఎస్ వాడూ ఎనభై పీఎస్ వాడూ ఒకే సిగ్నల్ దగ్గర పక్కపక్కనే ఉంటాం. అక్కడ ఎవడి మొహం ప్రశాంతంగా ఉందో, ఎవడు ఎడమ మోకాలు పట్టుకుని కూర్చున్నాడో చూస్తే అసలు కంపారిజన్ తెలుస్తుంది.

నేను చెప్పేది ఒక్కటే. పెర్ఫార్మెన్స్ అయినా రిలయబిలిటీ అయినా బండిలో పుట్టుకతో ఉండే గుణం అన్నట్టు మనం మాట్లాడతాం. నా లెక్కలో ఆ ఇంజిను, ఆ గేర్‌బాక్సు మీరు రోజూ వెళ్ళే రోడ్డుకి సరిపోతే అదే బండి బంగారం, సరిపోకపోతే అదే బండి రెండేళ్ళలో షెడ్డు. అందుకే ఒకే మోడల్ మీద ఒకడు "దేవుడు" అంటాడు, ఇంకొకడు "డబ్బులు దండగ" అంటాడు, ఇద్దరూ నిజమే చెప్తుంటారు.

ముందు ఈ హార్స్ పవర్ సంగతి. బ్రోచర్లో రాసే పవర్ ఎప్పుడూ ఇంజిన్ పీక్‌లో ఉన్నప్పటి సంఖ్య, పెట్రోల్ బండికైతే ఆరువేల ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర. నిజం చెప్పండి, మీ బండిని ఆరువేల ఆర్పీఎందాకా చివరిసారి ఎప్పుడు తీసుకెళ్ళారు? మనలో చాలామంది రెండువేలు, రెండున్నర వేలు దాటగానే గేర్ మార్చేస్తాం, ఇంజిన్ అరుస్తుంటే పక్క సీట్లో ఉన్నవాళ్ళు ఊరుకోరు కూడా. కాబట్టి మన బతుకంతా పన్నెండొందల నుంచి రెండున్నర వేల మధ్యలోనే. అక్కడ ఇంజిన్ ఏం ఇస్తుందనేది బ్రోచర్లో ఉండదు, లెక్కేస్తే మాత్రం వస్తుంది. టార్క్‌ని ఆర్పీఎంతో గుణించి సుమారు 7024తో భాగిస్తే ఆ క్షణంలో ఎన్ని పీఎస్ వస్తున్నాయో తెలుస్తుంది.

పాత స్విఫ్ట్‌నే తీసుకోండి, దాదాపు ప్రతి వీధిలో ఒకటి ఉండేది కదా. పెట్రోల్‌లో 1.2 లీటర్ల ఇంజిన్, 85 పీఎస్‌కి కాస్త అటూ ఇటూ. డీజిల్‌లో ఫియట్ వాళ్ళ 1.3 మల్టీజెట్, 1248 సీసీ, 75 పీఎస్. కాగితం మీద పెట్రోలే బలమైనది. కానీ రెండువేల ఆర్పీఎం దగ్గర పెట్రోల్ ఇంజిన్ ఓ వంద ఎన్ఎం ఇస్తుందనుకుంటే అక్కడ దాని పవర్ 28 పీఎస్ చిల్లర. అదే ఆర్పీఎం దగ్గర డీజిల్ తన పూర్తి 190 ఎన్ఎం ఇస్తుంది, అంటే 54 పీఎస్. దాదాపు డబల్! "పెట్రోల్ కన్నా డీజిల్ పుల్లింగ్ బాగుంటుంది" అని మెకానిక్‌లు దశాబ్దాలుగా అంటున్న మాటకి లెక్క ఇదే, వాళ్ళకి ఈ ఫార్ములాతో పనిలేదు, కాలికింద తెలిసిపోతుంది.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. ఆ మల్టీజెట్ ఇంజిన్ స్విఫ్ట్‌లో, డిజైర్‌లో, ఇండికా విస్టాలో, మాంజాలో, పుంటోలో ఎన్ని బండ్లలో పెట్టారో, సరదాగా మన దేశానికి జాతీయ ఇంజిన్ అనేవాళ్ళు. దాన్ని నడిపినవాళ్ళందరికీ టర్బో ల్యాగ్, అంటే ఇంజిన్‌లోకి గాలి ఎక్కువగా తోసే టర్బో లేవడానికి పట్టే ఆలస్యం, ఏంటో ఒంటికి తెలుసు. రెండువేలకి కింద, ముఖ్యంగా పదిహేనొందల కింద, టర్బో లేవకముందు ఆ బండి నిద్రమత్తులో ఉన్నట్టే. స్పీడ్ బ్రేకర్ దాటి సెకండ్ గేర్లోనే లాగుదామంటే గుడగుడమని వణుకుతుంది, ఫస్ట్‌లోకి వేసి రేజింగ్ ఇస్తే ఒక్కసారిగా ముందుకి దూకుతుంది. హైవే మీద నందిగామ దాటాక అదే బండి రాజు. నాన్నగారి దగ్గర ఆ ఇంజిన్ బండి ఒకటి ఉండేది, తెనాలి నుంచి హైదరాబాద్ వచ్చినప్పుడల్లా ఆయన సూర్యాపేట దాకా బండిని పొగిడేవారు, ఎల్బీ నగర్ వచ్చాక ఊరిని తిట్టేవారు. బండిని మాత్రం ఒక్క మాట అనేవారు కాదు.

ఇప్పుడు ఆ డీజిల్ లేదు, 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక మారుతి డీజిల్ బండ్లే ఆపేసింది. దాని ప్లేస్‌లోకి వచ్చినవి చిన్న టర్బో పెట్రోల్‌లు. ఒక లీటరు మూడు సిలిండర్ల ఇంజిన్ నుంచి 120 పీఎస్, 172 ఎన్ఎం అంటే వెన్యూ లాంటి బండికి గొప్పే మరి. పదిహేనొందల ఆర్పీఎం నుంచే ఫుల్ టార్క్ అని రాస్తారు. అది యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, టర్బో తిరగడం మొదలై, ప్రెజర్ కట్టాక వచ్చే టార్క్. ట్రాఫిక్‌లో మీరు అలా తొక్కరు, కాలి వేళ్ళతో తాకి వదులుతుంటారు, అప్పుడు టర్బో నిద్రపోతూనే ఉంటుంది, మిగిలింది ఒక లీటరు ఇంజిన్. దానికి ఏసీ కంప్రెసర్, నలుగురు మనుషులు, కొత్తగూడ ఫ్లైఓవర్ ఎక్కుడు. అదే టైంలో పక్కన ఎనభై పీఎస్ మామూలు 1.2 వాడు టర్బో గొడవ లేకుండా, తొక్కినంత లాగుతూ హాయిగా పోతుంటాడు. తక్కువే లాగుతుంది, కాకపోతే ఎంత లాగుతుందో ముందే తెలుసు కాబట్టి ఇబ్బంది ఉండదు.

అసలు మన బండ్లన్నీ 1197, 1199, 998 సీసీలే ఎందుకుంటాయో ఎప్పుడైనా ఆలోచించారా? ఇంజనీర్ల ఇష్టం అనుకుంటే పొరపాటే, టాక్సు వల్ల. 2006 బడ్జెట్ నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోల్ అయితే 1200 సీసీ లోపు, డీజిల్ అయితే 1500 లోపు ఉంటే చిన్నకారు కింద టాక్స్ తక్కువ. డిజైర్ మొదట్లో 4160 మిల్లీమీటర్లు ఉండేది, 2012లో దాని డిక్కీ కోసేసి 3995 చేశారు, ఆ డిక్కీ చూసి అందరం నవ్వుకున్నాం, తర్వాత అందరం అదే కొన్నాం. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారి చిన్నబండ్లకి 18 శాతం, పెద్దవాటికి 40 శాతం అయింది, గీత మాత్రం అదే నాలుగు మీటర్లు, అదే 1200. అంటే మనం షోరూంలో కంపేర్ చేసే ఇంజిన్లలో సగం ఢిల్లీలో ఎవరో గీసిన గీతకి ఇవతల ఇరుక్కుని పుట్టినవి. ఇది తెలిస్తే "ఇంత పెద్ద బండికి ఇంత చిన్న ఇంజినేంటి" అనే ప్రశ్నకి జవాబు దొరుకుతుంది.

సున్నా నుంచి వంద సంగతి కూడా చెప్పేసుకుందాం. ఆ టెస్టు మన జీవితంలో ఎక్కడా రాదు. టోల్ గేట్ దాటాక తప్ప ఆగిన బండిని వందకి ఎవరు తీసుకెళ్తారు, ఇప్పుడు ఫాస్టాగ్ కాబట్టి అక్కడా సరిగ్గా ఆగం. నిజంగా పనికొచ్చే సంఖ్య మూడో గేర్లో నలభై నుంచి ఎనభైకి ఎంతసేపు పడుతుందని. మా ఊరి వైపు రెండు లైన్ల రోడ్ల మీద ముందు గడ్డి ట్రాక్టర్, దాని వెనక షేర్ ఆటో, వాటి వెనక మీరు, ఎదురుగా ఆర్టీసీ బస్సు కనపడుతోంది, ఇప్పుడు దాటాలా వద్దా అనే నిర్ణయం ఆ సంఖ్య మీదే ఆధారపడి ఉంటుంది. ఇక్కడ మాత్రం టర్బోకి నేను దండం పెడతాను, టర్బో పెట్రోల్ గానీ క్రెటా లాంటి 1.5 డీజిల్ గానీ ఉన్నవాడు గేర్ కూడా మార్చకుండా దాటేస్తాడు, నేను నా 1.2తో ముందే సెకండ్‌కి వేసుకుని, ఏసీ ఆపి, దేవుణ్ణి తల్చుకుని దాటాలి. నెలకి నాలుగుసార్లు ఇలాంటి రోడ్ల మీద తిరిగేవాడు టర్బో కొంటే నేను వాదించను. ఏడాదికి రెండు పండగలకి మాత్రమే ఊరెళ్ళేవాడు ఆ రెండు ప్రయాణాల కోసం మిగతా ఏడాదంతా ట్రాఫిక్‌లో కష్టపడటం దగ్గరే నా వాదన.

ఇంక గేర్‌బాక్సులు. నన్నడిగితే ఇంజిన్ కన్నా ఇదే ముఖ్యం, కానీ కంపారిజన్ వీడియోల్లో దీనికి ఇచ్చేది ఒక నిమిషం. ఆటోమేటిక్ అనగానే అన్నీ ఒకటే అనుకుంటారు, నాలుగు రకాలు, నాలుగూ నాలుగు దార్లు.

ఏఎంటీ అంటే మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కడం, గేర్ మార్చడం మనకి బదులు ఒక మోటార్ చేస్తుంది. 2014లో సెలేరియోతో మనకి వచ్చింది. చవక, మైలేజ్ పోదు, పాడైనా మాన్యువల్ తెలిసిన మెకానిక్‌కి సగం అర్థమవుతుంది. గేర్ మారినప్పుడల్లా తల ముందుకూగుతుంది, కొత్తగా ఎక్కిన అత్తగారు "ఏంటి బాబూ నడపడం రాదా" అంటారు, అంతే దాని దోషం. అలవాటైతే గేర్ మారే ముందు కాలు కాస్త లేపితే కుదుపు తగ్గుతుంది. ఎత్తు మీద ఆగినప్పుడు వెనక్కి జారడం మొదట్లో వచ్చిన బండ్లలో భయపెట్టేది, హిల్ హోల్డ్ ఉన్నది తీసుకుంటే ఆ బాధ చాలావరకు లేదు.

గేర్ల మెట్లు లేకుండా బెల్టుతో నిష్పత్తి మార్చే సీవీటీకి మనవాళ్ళలో చెడ్డపేరుంది, తొక్కితే సౌండ్ వస్తుంది కానీ స్పీడ్ రాదు అని. నిజమే, కొండెక్కేటప్పుడు గొంతు చించుకుంటుంది. కానీ ఆఫీసు ట్రాఫిక్‌కి దానంత మెత్తని గేర్‌బాక్స్ నేను చూళ్ళేదు, హోండా సిటీ, అమేజ్ కార్లలో ఉండేది అదే. బలేనోలో కూడా ఉండేది, 2022లో తీసేసి ఏఎంటీ పెట్టారు, ఎందుకు తీశారో వాళ్ళకే తెలియాలి, నాకు మాత్రం నచ్చలేదు. టార్క్ కన్వర్టర్, అంటే క్లచ్ బదులు నూనె ద్వారా పవర్ పంపేది, పాతకాలపు గట్టి మనిషి, కొంచెం పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, కొంచెం నెమ్మది, ఏళ్ళ తరబడి పని చేస్తుంది, బ్రెజ్జాలో ఉన్న ఆరు గేర్లది అదే.

డీసీటీ దగ్గరే అసలు గొడవ. రెండు క్లచ్‌లు, ఒకటి బేసి గేర్లకి, ఇంకొకటి సరి గేర్లకి, ఒక గేర్లో పోతుండగానే తర్వాతి గేర్ రెడీగా ఉంటుంది, అందుకే రెప్పపాటులో మారుతుంది. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద దాన్ని నడిపితే ఇంకేదీ నచ్చదు. సమస్య ఏంటంటే ఈ క్లచ్‌ల్లో రెండు రకాలు, నూనెలో మునిగి ఉండేవి వెట్, పొడిగా ఉండేవి డ్రై. ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళ డీక్యూ200 డ్రై, టాటా వాళ్ళ డీసీఏ వెట్. డ్రై క్లచ్‌కి వేడి పోవాలంటే గాలే దిక్కు. బంపర్ టు బంపర్‌లో అడుగు కదలడం, ఆగడం, మళ్ళీ అడుగు కదలడం, అంటే క్లచ్ పూర్తిగా పట్టుకోకుండా రాసుకుంటూనే ఉంటుంది, మాన్యువల్ బండిలో మనం హాఫ్ క్లచ్ మీద నడిపితే ఏమవుతుందో అక్కడా అదే అవుతుంది. బండి కదలట్లేదు కాబట్టి గాలీ లేదు. ఈ ట్రాఫిక్, మే నెలలో హైదరాబాద్ ఎండ, ఫ్లైఓవర్ ఎక్కుడులో బ్రేక్ వదిలేసి యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టే అలవాటు, ఈ మూడూ కలిస్తే డ్యాష్‌బోర్డ్ మీద ట్రాన్స్‌మిషన్ వేడెక్కింది, బండి పక్కకి ఆపండి అని వస్తుంది. మా ఫ్రెండ్ ఒకడికి కొండాపూర్‌లో సరిగ్గా ఇలాగే వచ్చింది, వెనక హారన్లు, లోపల పిల్లాడి ఏడుపు. సర్వీస్ సెంటర్ వాళ్ళు చూసి "ఏం లేదు సార్, మీ డ్రైవింగ్ స్టైల్" అని పంపించారు. వాడికి కోపమొచ్చింది గానీ వాళ్ళన్నదాంట్లో సగం నిజముంది. మిగతా సగం ఏంటంటే, బండి అమ్మేటప్పుడు "సార్ మీరు రోజూ ఏ రూట్‌లో వెళ్తారు" అని ఒక్కడూ అడగలేదు.

ఇదే గేర్‌బాక్స్ ఉన్న అదే మోడల్ విజయవాడలో ఒక మెడికల్ రెప్ అన్న దగ్గరుంది, ఆయన ఏలూరు, రాజమండ్రి, కాకినాడ తిరుగుతుంటాడు, లక్ష దాటించాడు, గేర్‌బాక్స్ జోలికి పోలేదు. ఇప్పుడు ఆ బండి రిలయబులా కాదా? ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెడితే కొట్టుకుంటారు.

డీజిల్‌లో కూడా ఇదే తంతు, రోడ్డు రివర్స్. బీఎస్6 డీజిల్‌కి పొగగొట్టంలో డీపీఎఫ్ అని ఒక ఫిల్టర్ ఉంటుంది, మసిని పట్టుకుంటుంది. నిండాక ఆ మసిని కాల్చెయ్యాలి, దానికి ఎగ్జాస్ట్ బాగా వేడెక్కాలి, అంటే కాసేపు ఆగకుండా ఓ మోస్తరు స్పీడ్‌లో నడవాలి. హైవే మీద తిరిగేవాడికి ఇది జరుగుతోందని కూడా తెలీదు. పిల్లల్ని స్కూల్లో దింపి, కూరగాయలు తెచ్చి, మళ్ళీ ఇంటికి, ఇంతే వాడకం ఉన్నవాడు డీజిల్ కొంటే లైటు వెలగడం ఖాయం. లైటు వెలిగినప్పుడైనా ఓఆర్ఆర్ ఎక్కి ఓ అరగంట నడిపితే చాలాసార్లు సర్దుకుంటుంది, పట్టించుకోకపోతే వర్క్‌షాప్, అక్కడ బిల్లు చూస్తే పెట్రోల్‌కీ డీజిల్‌కీ రేటులో మిగిలిన డబ్బులన్నీ అక్కడే పెట్టేసి రావాలి.

మైలేజ్ గురించి ఎక్కువ రాయను, అందరూ రాస్తారు. బండి మీద రాసే ఏఆర్ఏఐ (బండ్లని టెస్ట్ చేసే సంస్థ) మైలేజ్ ల్యాబ్‌లో రోలర్ల మీద, ఏసీ ఆపి, తొంభై దాటకుండా నడిపి తీసింది. కొత్త స్విఫ్ట్‌కి లీటరుకి 24.8 అని ఉంటే మా రూట్‌లో పద్నాలుగు పదిహేను వచ్చినా సంతోషమే. డ్యాష్‌బోర్డ్ మీద చూపించే సంఖ్యని నమ్మకుండా ట్యాంక్ ఫుల్ నుంచి ట్యాంక్ ఫుల్‌కి లెక్కేసుకోండి, అదీ ఒకే బంకులో. ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ పెట్రోల్ కాబట్టి పాత బండ్లకి ఇంకాస్త తగ్గుతుంది, ఇథనాల్‌లో శక్తే తక్కువ, అందులో బండి తప్పేం లేదు. 2023 ఏప్రిల్ కన్నా ముందు కొన్న బండి అయితే పెట్రోల్ మూత లోపలి స్టిక్కరూ యూజర్ మాన్యువలూ ఒకసారి చూసుకోండి, రబ్బరు పైపులు, సీళ్ళ సంగతి మెకానిక్‌ని అడగండి.

స్ట్రాంగ్ హైబ్రిడ్ ఒక్కటే ఈ లెక్కని తలకిందులు చేసింది. హైరైడర్, గ్రాండ్ విటారా లాంటివి ట్రాఫిక్‌లో ఇంజిన్ ఆపేసి బ్యాటరీ మీద పాక్కుంటూ పోతాయి, బ్రేక్ వేసినప్పుడల్లా కాస్త ఛార్జ్ వెనక్కి తీసుకుంటాయి, అందుకని మిగతా బండ్లు ఎక్కడ ఏడుస్తాయో అక్కడే ఇవి నవ్వుతాయి. రేటు ఎక్కువ, బ్యాటరీ వల్ల డిక్కీ చిన్నది, పెళ్ళికి సూట్‌కేసులు పట్టవు. ఎలక్ట్రిక్ కూడా సిటీకి అంతే, సున్నా ఆర్పీఎం నుంచే టార్క్, గేర్లే లేవు, మన సెకండ్ గేర్ బతుక్కి అసలైన జవాబు. తెలంగాణలో 2024 నవంబర్ నుంచి 2026 చివరిదాకా రోడ్ టాక్స్ కూడా లేదన్నారు. కానీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీ పార్కింగ్‌లో ప్లగ్ పాయింట్‌కి ఒప్పుకుంటుందా అనేది ముందు తేల్చుకోండి. బ్యాటరీ ఎన్ని కిలోవాట్ అవర్లని తర్వాత చూసుకోవచ్చు, మా బ్లాక్‌లో ఒకాయన బండి ముందు కొని మీటింగ్ తర్వాత పెట్టాడు, ఆ మీటింగ్ ఇంకా నడుస్తూనే ఉంది.

రిలయబిలిటీలో ఇంకో కోణం ఉంది, ఇంజిన్ ఎంత గట్టిదైనా స్పేర్లు దొరక్కపోతే అది షో పీసే. షెవర్లే 2017 చివర్లో అమ్మకాలు ఆపేసింది, ఫోర్డ్ 2021 సెప్టెంబర్‌లో ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు చెప్పింది. ఫిగో, ఎకోస్పోర్ట్ ఓనర్లని కదిపి చూడండి, స్టీరింగ్ గురించి చెప్పేటప్పుడు కళ్ళు మెరుస్తాయి, హెడ్‌లైట్ పగిలితే ఎక్కడ దొరుకుతుందో చెప్పేటప్పుడు గొంతు మారుతుంది. అటువైపు ఇన్నోవా చూడండి, 2005లో వచ్చింది, మొదటి డీజిల్ 102 పీఎస్సే, ఇప్పుడు ఒక చిన్న ఎస్‌యూవీకి అంతకన్నా ఎక్కువుంది. అయినా తిరుపతిలో, విజయవాడలో ట్యాక్సీ స్టాండ్‌కి వెళ్ళి అడగండి, మూడు లక్షలు, నాలుగు లక్షల కిలోమీటర్లు అని మామూలుగా చెప్తారు. అందులో ఇంజిన్ గొప్పతనం ఎంతుందో, టైంకి ఆయిల్ మార్చే డ్రైవర్ల క్రమశిక్షణ అంత ఉంది, బండి ఆగితే ఆరోజు కూలి పోతుంది కాబట్టి వాళ్ళు ఆపరు. అదే ఇన్నోవా ఇంట్లో పెట్టుకుని నెలకోసారి తీసేవాడి దగ్గర బ్యాటరీ డౌన్, టైర్లకి పగుళ్ళు, ఏసీ వాసన. హైబ్రిడ్ ఇన్నోవా హైక్రాస్ వచ్చాక కూడా 2023లో పాత ఇన్నోవా క్రిస్టా డీజిల్‌ని మాన్యువల్ గేర్‌తోనే మళ్ళీ అమ్మకానికి పెట్టారంటే ఈ ట్యాక్సీల వాళ్ళ కోసమే అని నా అనుమానం.

సేఫ్టీ కూడా రెండు ముక్కలు, ఎందుకంటే ఇది లేకుండా ఏ గొడవా పూర్తవదు. డోర్ వేస్తే ధబ్బుమని శబ్దం రావడానికీ యాక్సిడెంట్‌లో మనిషి బతకడానికీ సంబంధం లేదు. బానెట్ నలిగిపోవడం లోపం కూడా కాదు, దాన్ని నలగడానికే చేస్తారు, క్యాబిన్ నలక్కుండా ఉందా అనేదే చూడాలి. క్రాష్ టెస్టులు చేసే గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళ ముందుభాగం టెస్టు గంటకి 64 కిలోమీటర్ల దగ్గర. 2018లో నెక్సాన్‌కి ఐదు స్టార్లొచ్చాక మన దగ్గర ఈ మాట అందరి నోళ్ళలోకి వచ్చింది, మంచిదే, 2024లో డిజైర్‌కి కూడా ఐదొచ్చాయి అంటే కంపెనీల మీద ఆ ఒత్తిడి పని చేసినట్టే. స్టార్ల విషయంలో నేను రోడ్డు వాదన చెయ్యను, సిటీలో తిరిగేవాడికైనా హైవేవాడికైనా కావాల్సిందే. కాకపోతే ఓఆర్ఆర్‌లో లిమిట్ 120, ఐదు స్టార్ల బండిలో వెనక సీట్లో బెల్ట్ పెట్టుకోకుండా, పిల్లాణ్ణి ముందు సీట్లో ఒళ్ళో కూర్చోబెట్టుకుని 140 పోయేవాళ్ళని చూస్తుంటే ఆ స్టార్లు ఎవరికి ఇచ్చారో అనిపిస్తుంది.

ఘాట్ రోడ్డు గురించి చెప్పకపోతే శ్రీశైలం వెళ్ళేవాళ్ళు ఊరుకోరు. ఎక్కేటప్పుడు అందరూ పవర్ చూసుకుంటారు, నాకు దిగేటప్పటిదే ముఖ్యం. ఎక్కిన గేర్లోనే దిగమని పాత లారీ డ్రైవర్లు చెప్పేది అక్షరాలా నిజం, సెకండ్‌లోనో థర్డ్‌లోనో వేసి ఇంజిన్‌తో బండిని పట్టుకోవాలి, న్యూట్రల్‌లో దిగితే పెట్రోల్ మిగులుతుందనుకునేవాళ్ళకి ఒక సంగతి, ఇప్పటి ఇంజిన్లలో గేర్లో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజెక్టర్లు పెట్రోల్ ఆపేస్తాయి, న్యూట్రల్‌లోనే ఐడ్లింగ్ కోసం తాగుతుంది. ఆటోమేటిక్ కొనేవాళ్ళు మాన్యువల్ మోడ్ గానీ ఎల్ (లో గేర్) గానీ ఉందో లేదో చూసుకోండి, సీవీటీలో కూడా ఇస్తారు. తిరుమల ఘాట్‌లో కనీసం ఇంత టైం పట్టాలని రూల్ పెట్టింది ఊరికే కాదు.

మొన్న మా బావమరిది ఫోన్ చేసి టర్బో డీసీటీ బుక్ చేద్దామనుకుంటున్నా బావా అన్నాడు. ఉండేది బాచుపల్లి, ఆఫీసు మాదాపూర్. "రోజూ ఎంతసేపు పడుతుందిరా" అన్నాను, "గంటన్నర" అన్నాడు, దూరం అడిగితే పాతిక కిలోమీటర్లు కూడా లేదు. వాడికి చెప్పిందే ఇక్కడా చెప్తున్నా. టెస్ట్ డ్రైవ్ ఆదివారం పొద్దున్న వద్దు, రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు ఏ బండైనా బాగుంటుంది. వర్కింగ్ డే సాయంత్రం ఆరున్నరకి వెళ్ళు, ఇంట్లోవాళ్ళని ముగ్గుర్ని ఎక్కించుకో, ఏసీ ఫుల్ పెట్టు, మ్యూజిక్ ఆపు. స్పీడ్ బ్రేకర్ దగ్గర పదికి తగ్గించి మళ్ళీ మెల్లగా తొక్కి చూడు, వణుకుతుందా, ఆలోచిస్తుందా, దూకుతుందా. ఫ్లైఓవర్ ఎక్కుడులో ఆపి, బ్రేక్ వదిలి ఎంత వెనక్కి జారుతుందో చూడు. యూ టర్న్‌లో ఒక చేత్తో స్టీరింగ్ తిరుగుతుందా చూడు. వెనక సీట్లో మీ అమ్మ మోకాళ్ళు ఎక్కడున్నాయో ఆమెనే అడుగు. మాన్యువల్ అయితే క్లచ్ ఓ యాభైసార్లు తొక్కి ఇంటికొచ్చాక కాలు ఏమంటుందో విను. తర్వాత మీ ఏరియా సర్వీస్ సెంటర్‌కి శనివారం పొద్దున్న వెళ్ళి, అక్కడ నిలబడ్డ ఓనర్లని ఏం ప్రాబ్లంతో వచ్చారని అడుగు, వాళ్ళు చెప్పినంత నిజం ఏ రివ్యూలోనూ ఉండదు.

వాడు విన్నాడు, సేల్స్ ఎగ్జిక్యూటివ్‌ని అడిగాడట. ఆ అబ్బాయి "సార్, సాయంత్రం టెస్ట్ డ్రైవ్ కుదరదు, ట్రాఫిక్ ఎక్కువ ఉంటుంది, బండి ఫీల్ తెలీదు" అన్నాడంట. ఇంకో షోరూం చూస్కోమన్నాను.